ఓఈటీ రైటింగ్‌లో 290 దగ్గరే ఆగిపోతోంది, గ్రామర్ మళ్లీ మొదలుపెట్టాలా?

మీరు అడిగింది: ఇంటర్ దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ నర్సింగ్. యూకే కోసం ఓఈటీ (ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్ల ఇంగ్లిష్ పరీక్ష) రెండుసార్లు రాస్తే లిజనింగ్, రీడింగ్, స్పీకింగ్ మూడూ దాటాయి, రైటింగ్ మాత్రం 280, 290. గ్రామర్ పుస్తకం మొదటి పేజీ నుంచి పట్టాలా అని.

వద్దండి. నర్సులకు ఎన్ఎంసీ (యూకేలో నర్సులను రిజిస్టర్ చేసే సంస్థ) రైటింగ్‌లో అడిగేది 300, మిగతా మూడింటికే 350. డాక్టర్లకైతే అక్కడి డాక్టర్ల సంస్థ జీఎంసీ నాలుగింటిలోనూ 350 కావాలంటుంది. రైటింగ్ అంటే పేషెంట్ వివరాలున్న కేస్ నోట్స్ చూసి ఒక లెటర్ రాయడం. దాన్ని ఆరు అంశాల మీద దిద్దుతారు, అందులో లాంగ్వేజ్ ఒక్కటి. మిగతా ఐదూ ఎందుకు రాశారు, ఏది ఎంచుకున్నారు, ఎంత క్లుప్తంగా, ఎవరికి తగ్గట్టు, ఏ వరుసలో అన్నవి. నేను దిద్దే లెటర్లలో 290 రకంవి ఎక్కువగా ఒకే చోట దెబ్బతింటాయి: కేస్ నోట్స్‌ను పైనుంచి కిందిదాకా వాక్యాలుగా మార్చేస్తారు.

45 నిమిషాల్లో మొదటి 5 చదవడానికే, ఏమీ రాయనివ్వరు. అప్పుడు నోట్స్ కాదు, చివర ఉన్న టాస్క్ ముందు చదవండి. లెటర్ ఎవరికి? వాళ్లకు ఈ పేషెంట్ ఇదివరకే తెలుసా? రేపు వాళ్లు చేయాల్సిన పనేంటి?

ఉదాహరణకు తుంటి కీలు మార్పిడి చేయించుకుని ఇంటికెళ్తున్న 74 ఏళ్లావిడ, లెటరేమో ఇంటికొచ్చి చూసే కమ్యూనిటీ నర్సుకి అనుకోండి. 1985లో తీసేసిన అపెండిక్స్ సంగతి వదిలేయండి. వారం రోజుల బీపీ రీడింగులు నార్మలే అయితే ఒక్క ముక్కలో తేల్చేయండి. పెన్సిలిన్ అలర్జీ, ఒంటరిగా ఉండటం, మందులు మరిచిపోవడం, గాయానికి వేసిన క్లిప్పులు తీయాల్సిన తేదీ మాత్రం తప్పకూడదు. మొదటి పేరాలోనే ఇలా రావాలి: 'ఐ యామ్ రైటింగ్ టు రిఫర్ మిసెస్ ఫలానా, హూ ఈజ్ బీయింగ్ డిశ్చార్జ్‌డ్ టుడే ఫాలోయింగ్ ఎ హిప్ రీప్లేస్‌మెంట్, ఫర్ వూండ్ కేర్ అండ్ హెల్ప్ విత్ హర్ మెడికేషన్'. అసలు ప్రాణం ఆ 'ఫర్' తర్వాతి ముక్కలో ఉంది. దాని బదులు 'రిగార్డింగ్ హర్ కండిషన్' అంటే ఏమీ చెప్పనట్టే.

లెటర్ బాడీ 180 నుంచి 200 పదాలు. పది పదాలు ఎక్కువైతే కొంపేమీ మునగదు, 260 అయిందంటే మాత్రం అక్కర్లేనిది చేరినట్టే.

భాషలో మనకు పడే తప్పులు నాలుగైదే. 'ఉంది'ని పట్టుకుని 'షీ ఈజ్ హావింగ్ డయాబెటిస్ సిన్స్ టెన్ ఇయర్స్' అనేస్తాం, కావాల్సింది 'షీ హాజ్ హాడ్ డయాబెటిస్ ఫర్ టెన్ ఇయర్స్'. 'ది', 'ఎ' ఎగిరిపోతాయి. వార్డు మాటలు లెటర్లోకి దూరతాయి: లూజ్ మోషన్స్‌కి డయేరియా, గిడ్డీనెస్‌కి డిజీనెస్, ఎస్‌ఓఎస్‌కి 'వెన్ రిక్వైర్డ్' అని రాయండి. 'ఎక్స్‌పైర్డ్' కూడా మానేయండి, అక్కడ మనిషి పోతే 'డైడ్' అనే రాస్తారు.

రోజుకో కొత్త లెటర్ కంటే ఒకే లెటర్ మూడుసార్లు తిరగరాయడం మేలు. ప్రతి వాక్యం పక్కన, ఇది చదివి ఆ నర్సు ఏం చేస్తుందో రెండు మాటల్లో తెలుగులోనే రాసుకోండి. రాయడానికేమీ తోచకపోతే ఆ వాక్యం కొట్టేయండి. పరీక్షలో చివరి 4 నిమిషాలు పేరు స్పెల్లింగ్, డోసు, తేదీలు నోట్స్‌తో పోల్చి చూడ్డానికి ఉంచుకోండి.