డ్రమ్ము స్మోకర్‌లో అదనపు ర్యాకులు: మూడు పెట్టాక నాకు తెలిసినవి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: తిరుపతిలో మేడ మీద ఇనప డ్రమ్ముతో చేయించుకున్న స్మోకర్ (బొగ్గుల వేడితో, పొగతో మాంసం వండే పొయ్యి) ఉంది, లోపల ఒకటే ర్యాక్, రెండు కోళ్లకు మించి పట్టదు. ఇంకో రెండు ర్యాకులు వేస్తే పొగ అన్నిటికీ అందుతుందా, వేడి పడిపోతుందా?

అందుతుంది. నాది చిత్తూరు. నాలుగేళ్లుగా మూడు ర్యాకులతో నడుపుతున్నాను. కాకపోతే మూడు ర్యాకులు ముక్కలకి, చేపలకి, చీల్చి పరిచిన కోడికి మాత్రమే. కోడిని చీల్చకుండా పెట్టాలనుకుంటే రెండుకి మించి పోకండి, ఎత్తు చాలదు.

ముందు డ్రమ్ము ఏ రకమో చూసుకోండి. మా వైపు పాత ఇనుము కొట్లలో ఎక్కువగా కనిపించేవి మామిడి గుజ్జు డ్రమ్ములు. తోతాపురి గుజ్జుని సంచిలో నింపి, ఆ సంచిని డ్రమ్ములో పెట్టి పంపిస్తారు. సొట్టపడినవి కొట్టుకి చేరతాయి. ఖాళీవి ఒకదాంట్లో ఒకటి దిగాలి కాబట్టి చాలావాటిని పైన వెడల్పుగా, కింద సన్నంగా చేస్తారు. ఈ సంగతి నా కళ్ల ముందే ఉన్నా బుర్రకెక్కలేదు. మూతి దగ్గర టేపు పెట్టి కొలిచి, మూడు రింగులూ (ర్యాక్ జాలీని పట్టుకునే గుండ్రటి చట్రాలు) అదే సైజులో చేయించాను. పైది కూర్చుంది. మిగతా రెండూ సగం దూరం దిగి బిగుసుకుపోయాయి. వెల్డింగ్ అబ్బాయి నవ్వాపుకుంటూ, "అన్నా, బకెట్టు మూతి సైజు పళ్లెం బకెట్టు అడుగుకి దిగుతుందా?" అన్నాడు. నా డ్రమ్ములో పైకీ కిందికీ తేడా నాలుగైదు సెంటీమీటర్లే, కానీ ఆ తేడాకే రెండు రింగుల డబ్బులు పోయాయి. మీది నిటారు డ్రమ్మయితే ఈ బాధ లేదు.

రింగు గోడకి ఆనకూడదు. చుట్టూ రెండు వేళ్లు దూరేంత ఖాళీ వదలండి. ర్యాక్‌కీ ర్యాక్‌కీ మధ్య 15 సెంటీమీటర్లు, అంటే జానెడులో సుమారు మూడింట రెండు వంతులు. కింద చిల్లుల్లోంచి గాలి వచ్చి, పైన గొట్టంలోంచి పోతుంటేనే నిప్పు బతుకుతుంది, పొగ కదులుతుంది. ర్యాకులు పెరిగేకొద్దీ ఆ దారికి మనమే అడ్డం పడతాం.

నేను పడ్డాను కూడా. ఒక కనుమ రోజు చుట్టాలు పదిహేను మంది. మూడు ర్యాకులూ అంచుల దాకా కోడి ముక్కలతో నింపేశాను. కొవ్వు నిప్పు మీద పడకూడదని అన్నిటికంటే కింది ర్యాక్ మీద అల్యూమినియం ఫాయిల్ పూర్తిగా పరిచాను. అరగంటకి గొట్టంలోంచి తెల్లగా, చిక్కగా పొగ మొదలైంది. మూత మీది మీటరు 115 నుంచి 70 డిగ్రీలకి దిగిపోయింది. గాలి చిల్లులన్నీ తెరిచినా లేవలేదు. ఆ వేడిలో పచ్చి కోడిని గంటలకొద్దీ ఉంచడం ప్రమాదం, అందుకని తీసేసి కుక్కర్‌లో వేశాం. మా అత్త పులుసు పెట్టింది. "పొగచూరిన ఇంట్లో వండినట్టుందే" అన్నారు అందరూ. తిన్నారు మాత్రం శుభ్రంగా.

ఇప్పుడు ఫాయిల్ వాడను. నిప్పుకీ కింది ర్యాక్‌కీ మధ్య వెడల్పాటి స్టీలు బేసిన్‌లో నీళ్లు పెడతాను. కారేది అందులో పడుతుంది, నిప్పు సెగ నేరుగా కింది ముక్కలకి కొట్టదు, గోడల పక్కనుంచి గాలి పైకి పోతుంది. బేసిన్ లేనప్పుడు కింది ర్యాక్ మాడి, మధ్యది ఉడికీ ఉడకనట్టు ఉండేది. ఇప్పటికీ అన్ని ర్యాకులూ ఒకేలా ఉండవు, అందుకే అన్నిట్లోనూ కోడే ఉన్నప్పుడు సగం సమయం అయ్యాక పైవి కిందికి మారుస్తాను. ఆ ఒక్కసారి తప్ప మూత తీయను.

మార్చడమే అసలు తలనొప్పి. గోడకి బోల్టులు కొట్టి వాటి మీద ర్యాకులు ఆనిస్తే, కిందిది తీయాలంటే పైదాన్ని వేడివేడిగా, ముక్కలతో సహా ఎత్తి ఎక్కడో పెట్టాలి. అందుకని బోల్టులు మానేసి స్టాండు చేయించాను. నిలువుగా మూడు కడ్డీలు, వాటికి 15 సెంటీమీటర్లకొక ఆనింపు, పైన రెండు కొక్కేలు. ఇద్దరం చెరో కొక్కెం పట్టుకుంటే మూడు ర్యాకులూ ఒకేసారి బయటికొస్తాయి. మీకు డ్రమ్ముకి చిల్లులు వేసే పని కూడా తప్పుతుంది.

జాలీ గురించి. హార్డ్‌వేర్ షాపులో చవగ్గా దొరికే జింకు పూత జాలీ వద్దు. పొగబెట్టే వేడికి ఏమీ కాదనే వాళ్లున్నారు, కానీ మన మసాలాలో నిమ్మరసం, పెరుగు, చింతపండు ఉంటాయి. పులుపు తగిలితే ఆ పూత కరిగి ముక్కలకి పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్‌లో 304 రకం అడగండి. అయస్కాంతం అంటకపోతే 304 అని షాపువాళ్లు చూపిస్తారు. చవక రకమైన 202కి కూడా అయస్కాంతం పెద్దగా అంటదు, కాబట్టి ఆ పరీక్షని నమ్ముకోకండి.

ఏది ఏ ర్యాక్‌లో? పచ్చి కోడి ఎప్పుడూ అన్నిటికంటే కింద. దాన్నుంచి కారేది ఇంకో దాని మీద పడకూడదు. చేప మధ్యలో. పనీరు, మొక్కజొన్న పైన అంటారు గానీ, మా ఇంట్లో కుదరలేదు. వదినకి శనివారం నీచు కుదరదు. పైన పెట్టానని ఎంత చెప్పినా, "కోడి పొగ తగిలిందిగా" అంది. నిజమే కదా, నా దగ్గర జవాబు లేదు. ఇప్పుడు శుక్రవారం, కడిగిన ర్యాక్‌లో పనీరు ఒక్కటే వేసి ముందే తీసేస్తాను.

మూడు ర్యాకులు నిండా చల్లటి మాంసం పెడితే డ్రమ్ము మళ్లీ 110కి రావడానికే టైం పడుతుంది. నాకు గంట దాకా ఎక్కువ తీసుకుంటుంది. గడియారం చూసి తీయకండి. గుచ్చే థర్మామీటర్ తొడ మందంలో, ఎముకకి తగలకుండా పెట్టి 74 డిగ్రీలు వచ్చిందో లేదో ప్రతి ర్యాక్‌లోనూ విడిగా చూడండి.

నిప్పుకి సర్కారు తుమ్మ బొగ్గు, పొగకి ఎండిన మామిడి చెక్క. దామలచెరువు వైపు కాయ అయిపోయాక తోటల్లో కొమ్మలు కొడతారు, అడిగితే ఇస్తారు. పచ్చివి ఆరబెట్టకుండా వేస్తే చేదు. నీలగిరి, వేప వద్దు. మీరు శేషాచలం పక్కనే ఉన్నారు కాబట్టి ఒక మాట, ఎర్రచందనం ముక్క ఎవరైనా ఇచ్చినా ముట్టుకోకండి, పొగ కంటే ముందు కేసు వస్తుంది.

మీ డ్రమ్ము పైన ఎంత వెడల్పో, అడుగున ఎంతో, బొగ్గుల బుట్ట నుంచి మూత దాకా ఎత్తెంతో కొలిచి ఇక్కడ రాయండి. రింగుల సైజులు లెక్కగట్టి చెప్తాను.