హంటింగ్టన్‌కు క్రిస్పర్ చికిత్స ఎక్కడ చేస్తారు?

మీ మావయ్యగారికి హంటింగ్టన్ వ్యాధి (ఒక జీన్ లోపంతో మెదడు కణాలు దెబ్బతినే జబ్బు) అని, క్రిస్పర్‌తో జీన్ దిద్దే ఆసుపత్రి ఇండియాలో ఎక్కడుందని అడిగారు. ఇండియాలోనే కాదు, ఆమోదం పొందిన చికిత్సగా ప్రపంచంలో ఎక్కడా లేదు. డబ్బు కడితే చేస్తామని ఎవరైనా అంటే ఫోన్ పెట్టేయండి.

సికిల్ సెల్ అనే రక్తజబ్బుకు క్రిస్పర్ చికిత్స 2023లోనే వచ్చింది కదా అంటారు. అక్కడ రక్త మూలకణాలను బయటికి తీసి, ల్యాబ్‌లో దిద్ది, సరిగ్గా కుదిరిందో లేదో చూసుకుని మళ్లీ ఎక్కిస్తారు. మెదడుతో ఆ వీలు లేదు. కొవ్వు బుడగల్లో పెట్టి నరానికి ఎక్కిస్తే చాలావరకు లివర్‌కే పోతుంది. అందుకని ఏఏవీ అనే బుల్లి వైరస్‌లో పెట్టి పంపాలి. దాంట్లో పట్టేది సుమారు 4,700 అక్షరాల డీఎన్ఏ. డీఎన్ఏను కోసే కత్తెరల్లో ఎక్కువగా వాడే క్యాస్9 ఒక్కదానికే 4,100 పోతాయి. ఇక దాన్ని నడిపే ప్రమోటర్‌ను, దారి చూపే గైడ్ ఆర్ఎన్ఏను ఎక్కడ సర్దాలి? రెండు వైరస్‌లుగా విడగొడితే రెండూ ఒకే కణంలోకి చేరాలి, డోసు పెంచాలి. పైగా న్యూరాన్ (మెదడులోని నాడీకణం) విభజన చెందదు. లోపలికి వెళ్లిన వైరస్ అక్కడే ఉండి ఏళ్ల తరబడి క్యాస్9 తయారుచేస్తూనే ఉంటుంది. పనయ్యాక కత్తెర మూసేవాళ్లుండరు.

హంటింగ్టన్‌లో ఇంకో చిక్కు. పెరిగిపోయింది సీఏజీ అనే మూడక్షరాల వరస. అలాంటి వరసలు వేరే జీన్లలోనూ ఉన్నాయి కాబట్టి గైడ్‌ను నేరుగా దానిమీదికి తోలలేం. చెడ్డ కాపీకి మాత్రమే ఉండే చిన్న తేడాను పట్టుకోవాలి. ఆ తేడా అందరిలో ఒకటే కాదు.

మెదడులోకి జీన్ ఎక్కించడం అసలు ఎలా ఉంటుందో చూడాలంటే అమెరికాలో 2024లో ఆమోదం పొందిన కెబిలిడి అనే జీన్ చికిత్స చూడండి. ఏఏడీసీ అనే ఎంజైమ్ లోపించిన పిల్లలకు ఇస్తారు. ఎడిటింగ్ కాదు, మంచి కాపీ ఒకటి అదనంగా ఇవ్వడం. ఎంఆర్ఐ చూసి లెక్క కట్టి, పుర్రెకు రంధ్రం పెట్టి, మెదడు లోపలుండే పుటామెన్ అనే భాగంలోకి సన్నటి గొట్టం దించుతారు. ఒక్కో వైపు రెండు చోట్ల, చోటుకు 0.08 మిల్లీలీటర్లు, నిమిషానికి 0.003 చొప్పున, అంటే చోటుకు 27 నిమిషాలు. నాలుగు చోట్లా కలిపి 0.32 మిల్లీలీటర్లు, ఆరేడు చుక్కలు. తొందరపడితే మందు కణజాలంలోకి ఇంకకుండా గొట్టం పక్కనుంచి పైకి ఎగదన్నుతుంది. ఒకసారి ఇస్తే వైరస్‌కు యాంటీబాడీలు వస్తాయి, రెండో డోసు కష్టం.

2025 సెప్టెంబర్‌లో యూనిక్యూర్ కంపెనీ హంటింగ్టన్‌కు పరీక్షిస్తున్న ఏఎంటీ-130 మందు ఫలితాలు రాగానే కొందరు ‘జీన్ ఎడిటింగ్ అద్భుతం’ అని మొదలుపెట్టారు. అది డీఎన్ఏను ముట్టుకోదు. ఈ జబ్బుకు మూలమైన హంటింగ్టిన్ ప్రోటీన్ తయారీని తగ్గించే మైక్రోఆర్ఎన్ఏ అది. ఎక్కువ డోసు తీసుకున్న 12 మందిలో మూడేళ్లకు వ్యాధి ముదరడం 75 శాతం నెమ్మదించిందని కంపెనీ చెప్పింది. పోల్చింది మాత్రం ట్రయల్ బయట ఉన్న రోగులతో. ఆశ పెట్టుకోదగ్గదే, కానీ పన్నెండు మందే.

ఇంకోటి, ‘మేనరికం వల్ల వచ్చింది’ అని మీ అత్తయ్యగారి ముందు అనకండి. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి చెడ్డ కాపీ వచ్చినా చాలు, ఈ జబ్బు వస్తుంది. ఎవర్ని పెళ్లి చేసుకున్నా ఒక్కో బిడ్డకు సగం అవకాశం.

ఇప్పుడు చేయగలిగింది: రిపోర్టులో ‘పాజిటివ్’ అని రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి, సీఏజీ ఎన్నిసార్లు వరసగా ఉందో ఆ సంఖ్య రాయించుకోండి. 36 నుంచి 39 అయితే జబ్బు బయటపడకపోవచ్చు, 40 గానీ అంతకు మించి గానీ ఉంటే తప్పదు. ఒళ్లు మెలికలు తిరగడానికి టెట్రాబెనజిన్ రాస్తారు. అది దిగులు పెంచవచ్చు. మాటలు తగ్గించినా, చచ్చిపోతానన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చెప్పండి.