కొత్త బోరుకు ముందు ఒక లెక్క

రమణా,

ఇంకో బోరు వేయిస్తున్నావని, ఈసారి వెయ్యి అడుగులదాకా పోతానంటున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. రిగ్గును పిలిచే ముందు కాగితం, పెన్ను తీసుకుని కాసేపు కూర్చో.

ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన పడితే నాలుగు వేల లీటర్లు. మన అనంతపురంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు, అంటే ఎకరానికి 22 లక్షల లీటర్లు. చాలానే అనిపిస్తుంది, కానీ చాలావరకు ఆవిరైపోతుంది, పైర్లూ చెట్లూ తాగేస్తాయి, కొంత వంకల పాలవుతుంది, మన రాతి నేలలో పదో వంతు లోపలికి దిగినా గొప్పే. అంటే రెండు లక్షల చిల్లర. నువ్వు రబీలో వేస్తానంటున్న వరికేమో ఎకరానికి 1,200 మిల్లీమీటర్లదాకా కావాలి, 48 లక్షల లీటర్లు! మడిలోంచి కొంత మళ్ళీ ఇంకుతుందనుకున్నా, నీ ఒక్క ఎకరం వరి పదెకరాలకు పైగా ఇంకిన వాననీటిని లాగేస్తుంది. ఆ పదెకరాలూ నీవి కావు. పక్కవాళ్ళ బోర్లు ఎండితే వాళ్ళు ఇంకా లోతుకు పోతారు, అప్పుడు నీది ఎండుతుంది.

మహారాష్ట్రలో అహ్మద్‌నగర్ (ఇప్పుడు అహిల్యానగర్) వైపు హివరే బజార్ అని ఒక ఊరుంది, మనకంటే తక్కువ వాన. అప్పటి సర్పంచ్ పోపట్‌రావ్ పవార్ పూనుకుని ఊరంతటినీ ఒప్పించాడు: సేద్యానికి బోర్లు వద్దు, చెరకు వద్దు. వానలు వెనకబట్టాక నీళ్ళు లెక్కేసి, మనుషులకూ పశువులకూ తీసిపెట్టి, మిగిలినదాన్ని బట్టే పంట. 2000ల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరువు జిల్లాల్లోనూ రైతులే వాన కొలుచుకుని, బోర్లలో నీటిమట్టం చూసుకుని ఇలా లెక్కలు వేశారు.

నువ్వూ చెయ్యగలవు. మోటారు తీసేసిన ఆ పాత బోరులోకి తాడుకు బరువు కట్టి దించు, బోరు అంచు దగ్గర తాడుకు గుర్తు పెట్టి పైకి లాగు; ఆ గుర్తు నుంచి తడిసిన చోటుదాకా ఉన్న పొడి తాడే నీళ్ళు తగిలే లోతు. నెలనెలా అదే తారీఖున రాసిపెట్టు. మట్టం దిగుతూ ఉంటే వరి మాట మర్చిపోయి కొర్రో, ఉలవో వెయ్యి, ఉన్న నీళ్ళకు డ్రిప్ పెట్టు.

ఇంకో మాట. మన ఉమ్మడి అనంతపురం జిల్లాలోనే బోరున్నవాళ్ళూ లేనివాళ్ళూ కలిసి, కొత్త బోర్లు వెయ్యకూడదని ఒప్పుకుని, పైపులైన్లు కలిపి నీళ్ళు పంచుకున్న ఊళ్ళున్నాయి. రిగ్గుకు పెట్టే డబ్బు పైపులకు పెడదామా అని మీ గట్టు పక్కవాళ్ళను అడుగు. ఒప్పుకునేలా ఉంటే చెప్పు, ఆదివారం నేనే వచ్చి వాళ్ళతో మాట్లాడతాను.

మీ పెదనాన్న