ఇంటి కంప్యూటరుకు ఏ యాంటీవైరస్ మంచిది? ఫైర్‌వాల్ విడిగా కొనాలా?

కొత్తగా కొన్న విండోస్ 11 లాప్‌టాప్‌ను ఇంట్లో నలుగురూ వాడతారనీ, అమ్మిన షాపువారు మూడేళ్ల యాంటీవైరస్ ప్యాక్ తీసుకోమని పట్టుబడుతున్నారనీ, స్నేహితుడొకరు ఫైర్‌వాల్ కూడా విడిగా వేసుకోవాలన్నారనీ మీరు రాశారు. ముందుగా సూటి జవాబు చెబుతాను. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్, విండోస్‌లోనే ఉండే ఫైర్‌వాల్ (నెట్ నుంచి మనం కోరకుండా వచ్చేవాటిని ఆపే కాపలా) మీ అవసరానికి సరిపోతాయి. ఆ ప్యాక్ కోసం తీసి పెట్టిన డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కోండి. నేను కంప్యూటర్ ఇంజినీరును కాను. గుంటూరులో మా బావగారి కంప్యూటరును ఒకసారి నా చేతులతో నేనే పాడుచేశాను కాబట్టి, ఆ అనుభవంతో రాస్తున్నాను.

మా బావగారు ఇంట్లోనే ముందు గదిలో డీటీపీ పని చేస్తారు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు ఆయన పని. 2019 జూన్‌లో, జ్యేష్ఠమాసపు ముహూర్తాలతో ఊపిరి సలపనంత పని ఉన్న రోజుల్లో, ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ కావాలని ఆయన అడిగితే, లైసెన్సు ఖరీదు చూసి వెనకాడి, ఒక సైటు నుంచి క్రాక్, అంటే లైసెన్సు లేకుండానే నడిచేలా చేసిన దొంగ ప్రతి, దించాను. దానితో పాటు వచ్చిన చిన్న కాగితంలాంటి ఫైలులో, ఇన్‌స్టాల్ చేసే ముందు యాంటీవైరస్‌ను ఆపాలనీ, లేకపోతే అది ఈ ఫైలును పొరపాటున వైరస్ అనుకుంటుందనీ రాసి ఉంది. ఆ కంప్యూటరులో డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ ఉంది, లైసెన్సు కూడా నడుస్తోంది. అది రెండుసార్లు ఎర్రపెట్టె చూపించి అడ్డుకుంది. నేనే దాన్ని ఆపేశాను. అరగంట తిరక్కుండా ప్రతి ఫైలు పేరు చివరా ఎన్నడూ చూడని తోక ఒకటి వచ్చి చేరింది. ప్రతి ఫోల్డరులోనూ 980 డాలర్లు కట్టమనీ, 72 గంటల్లోగా మాట్లాడితే సగానికి, అంటే 490కి ఇస్తామనీ ఉత్తరం వెలిసింది. అది డీజేవీయూ అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి, విప్పడానికి డబ్బు అడిగే వైరస్) కుటుంబానికి చెందినదనీ, ఎక్కువగా ఇలాంటి క్రాకుల వెంటే వస్తుందనీ ఆ తర్వాత తెలిసింది. బ్యాకప్ ఉందని మేము ధీమాగా ఉండేవాళ్లం. ఆ బ్యాకప్ అదే కంప్యూటరులోని డి డ్రైవులో ఉంది. అది కూడా తాళంలోనే పడింది.

డబ్బు కట్టలేదు. డిస్కు విప్పి బీరువాలో పెట్టి, కొత్తది వేసుకున్నాం. ఆ అక్టోబరులో న్యూజిలాండ్‌కు చెందిన ఎమ్సీసాఫ్ట్ సంస్థ ఈ తాళాలను విప్పే పనిముట్టును ఉచితంగా విడుదల చేసింది. అది పనిచేయాలంటే ఒకే ఫైలుకు తాళం పడిన ప్రతి, పడని ప్రతి రెండూ ఇవ్వాలి. ఫైలు 150 కేబీ దాటి ఉండాలి, పైగా ఒక్కో రకం ఫైలుకు ఒక్కో జత కావాలి. ప్రెస్సుకూ, పెళ్లివారికీ మెయిల్‌లో పంపిన పీడీఎఫ్‌లు, ఫొటోలు వెతికి జతలు కూర్చాం. ఆ రకాల ఫైళ్లన్నీ తిరిగి వచ్చాయి. డీటీపీలో పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్లు ఎవరికీ ఎప్పుడూ పంపలేదు, వాటికి జత దొరక్క అవి పోయాయి. మేము జూన్‌లో మోసపోవడం ఒక రకంగా అదృష్టమే. ఆ ఏడాది ఆగస్టు చివరి నుంచి ఆ రాన్సమ్‌వేర్ తాళం వేసే పద్ధతి మార్చుకుంది, అప్పటి నుంచి ఈ జతల ఉపాయం పారదు.

ఇంత కథ ఎందుకు చెప్పానంటే, ఆ రోజు యాంటీవైరస్ తన పని తాను చేసింది. దానికన్నా పది రెట్లు ఖరీదైనది ఉన్నా నేను ఆపే ఉండేవాణ్ని. అందుకే ఏ కంపెనీది కొనాలన్న ప్రశ్నకన్నా, మీ ఇంట్లో దాన్ని ఆపే అధికారం ఎవరి దగ్గర ఉందన్న ప్రశ్న ముఖ్యమని నా అభిప్రాయం. కొత్త లాప్‌టాప్ తెరిచి మొదట పెట్టుకున్న అకౌంట్ అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ అవుతుంది, చాలా ఇళ్లలో అందరూ దానితోనే కాలక్షేపం చేస్తారు. దాన్ని మీ ఒక్కరి పాస్‌వర్డ్‌తో పక్కన పెట్టి, పిల్లలకూ, ఇతరులకూ, రోజువారీ పనికి మీకు కూడా వేరే స్టాండర్డ్ అకౌంట్లు చేయండి. అప్పుడు డిఫెండర్‌ను ఆపాలన్నా, కంప్యూటరు మొత్తానికి వర్తించే సాఫ్ట్‌వేర్ ఎక్కించాలన్నా మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ అడిగే క్షణంలోనే, ఇది ఎక్కడి నుంచి దించావురా అని మీ అబ్బాయిని అడిగే అవకాశం మీకు దొరుకుతుంది. స్టాండర్డ్ అకౌంట్‌లో నడిచిన రాన్సమ్‌వేర్ కూడా ఆ అకౌంట్ ఫైళ్లకు తాళం వేయగలదు కాబట్టి ఇది సంపూర్ణ రక్షణ కాదు, కానీ నాలాంటివాడి తొందరపాటుకు మంచి అడ్డుకట్ట.

డిఫెండర్ నాసిరకమన్న మాట పాత రోజుల్లో పుట్టింది. ఎక్స్‌పీ, విండోస్ 7 కాలంలో విడిగా యాంటీవైరస్ వేసుకోవలసిందే. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి అది పూర్తి యాంటీవైరస్‌గా విండోస్‌లోనే కలిసి వస్తోంది. షాపువారి మాటా, నా మాటా రెండూ పక్కన పెట్టి చూడాలనుకుంటే జర్మనీలోని ఏవీ-టెస్ట్, ఆస్ట్రియాలోని ఏవీ-కంపారేటివ్స్ అనే పరీక్షశాలల ఫలితాలు ఉచితంగా చూడవచ్చు. ఏవీ-టెస్ట్ రక్షణకు, వేగానికి, వాడుక సౌలభ్యానికి ఆరేసి చొప్పున 18 మార్కులు వేస్తుంది. పైవరుసలోని వాటి మధ్య తేడా సాధారణంగా ఒకటి రెండు మార్కులకు మించదు. ఒక్క నెల ఫలితం చూసి తీర్పు ఇవ్వకుండా, ఏడాది పొడవునా ఎలా ఉందో చూడండి. మంచి ఫైలును వైరస్ అని ఎన్నిసార్లు పొరబడిందో కూడా చూడండి, ఎందుకంటే అబద్ధపు కేకలు ఎక్కువైతే ఇంట్లోవాళ్లు నిజమైన కేకను కూడా పట్టించుకోరు.

డబ్బు పెట్టి కొనడం ఎప్పుడూ దండగ అనను. ఫోను చేస్తే పలికే మనిషి కావాలనుకున్నా, పిల్లల వాడకంపై గట్టి అదుపు కావాలనుకున్నా, పుణెకు చెందిన క్విక్ హీల్, చెన్నైకి చెందిన కే7 వంటివి మన దగ్గర చాలాకాలంగా ఉన్నాయి. మొదటి ఏడాది ధర చూసి మురిసిపోకుండా రెన్యువల్ ధర ఎంతో ముందే అడగండి, కార్డుతో కడితే ఆటో రెన్యువల్ ఆపేయండి. ఉచితం అన్నంత మాత్రాన ఉచితం కాదని అవాస్ట్ అనే ఉచిత యాంటీవైరస్ సంగతి చూపించింది. వాడేవారి బ్రౌజింగ్ వివరాలను జంప్‌షాట్ అనే అనుబంధ సంస్థ ద్వారా అమ్మినందుకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024లో ఆ కంపెనీని 1.65 కోట్ల డాలర్లు కట్టమంది. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, అక్కడ కాస్పర్‌స్కీ యాంటీవైరస్ అమ్మకాలు 2024 జులైలో, అప్‌డేట్లు అదే ఏడాది సెప్టెంబరు చివర్లో ఆగిపోయాయని గుర్తుంచుకోండి. ఏది ఎంచుకున్నా ఒక్కటే ఉంచండి. కొత్త లాప్‌టాప్‌లో ముందే వేసి వచ్చే ట్రయల్ యాంటీవైరస్‌ను మీరు కొనదలచుకోకపోతే మొదటి రోజే తీసేయండి. వేరే యాంటీవైరస్ ఉన్నంతకాలం డిఫెండర్ తప్పుకుని ఉంటుంది కాబట్టి, తీసేశాక విండోస్ సెక్యూరిటీ అనే యాప్ తెరిచి అది తిరిగి పని మొదలుపెట్టిందో లేదో సరిచూసుకోండి.

ఫైర్‌వాల్ గురించి. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వార్మ్ (నెట్ ద్వారా దానంతటదే పాకే వైరస్) వచ్చినప్పుడు నేను అమీర్‌పేటలో ఉండేవాణ్ని. మా వీధి నెట్ సెంటర్‌లో ఎవరూ ఏ ఫైలూ తెరవకుండానే, నెట్ తగిలిన కాసేపటికి తెరమీద 60 సెకన్ల లెక్క మొదలై కంప్యూటరు దానంతటదే ఆగిపోయేది. 135వ పోర్టు అనే తలుపు బయటివారికి తెరిచి ఉండడమే దానికి కారణం. అప్పటికే ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉంది, కానీ ఎవరూ ఆన్ చేసుకోలేదు. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2 దాన్ని మొదటి నుంచే ఆన్‌లో ఉంచడం మొదలుపెట్టింది. ఇప్పటి విండోస్ ఫైర్‌వాల్ మీరు కోరకుండా బయటి నుంచి వచ్చే రాకపోకలను ఆపుతుంది, లోపలి నుంచి బయటికి వెళ్లేవాటిని వదులుతుంది. అలా బయటికి వెళ్లేవాటిని కూడా అదుపు చేయడానికే విడి ఫైర్‌వాల్ వేస్తారు. నేనూ ఒకటి వేసి చూశాను. ఫలానా ప్రోగ్రాం నెట్‌కు వెళ్లాలంటోంది, ఒప్పుకుంటారా అని అది రోజుకు పాతికసార్లు అడిగేది. మూడో రోజుకు మా ఇంట్లో అందరూ చదవకుండానే ఒప్పుకోవడం నేర్చారు. నెలలోపే తీసేశాను.

దాని బదులు రెండు చిన్న పనులు చేయండి. లాప్‌టాప్‌ను హాస్టల్లోనో, రైల్వే స్టేషన్లోనో వైఫైకి తగిలించినప్పుడు నెట్‌వర్క్ రకాన్ని పబ్లిక్‌గానే ఉంచండి. ఇంట్లో ప్రింటరు పంచుకోవడంలాంటి అవసరముంటేనే ప్రైవేట్‌గా మార్చండి. ఇక రూటర్ సంగతి. నెట్ కనెక్షన్ ఇచ్చిన మనిషి పెట్టి వెళ్లిన అడ్మిన్ పాస్‌వర్డ్ చాలా ఇళ్లలో ఏళ్ల తరబడి అదే ఉంటుంది. దాన్ని మార్చి, బయటి నుంచి రూటర్‌ను నడిపే సదుపాయం ఉంటే ఆపేయండి.

అప్‌డేట్లను వాయిదా వేయకండి. 2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచాన్ని చుట్టేసినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కన్నాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ మార్చిలోనే, అంటే రెండు నెలల ముందే ఇచ్చింది. ఇంకా విండోస్ 10తో నడుపుతున్నవారికి 2025 అక్టోబరు 14తో మామూలు అప్‌డేట్లు ముగిశాయి. ఏ యాంటీవైరస్ కొన్నా ఆ లోటు తీరదు.

వీటిలో ఏదీ ఆపలేని ప్రమాదం ఒకటుంది. మా నాన్నగారి లాప్‌టాప్‌లో తరచూ ఓ మూల నుంచి మీ యాంటీవైరస్ గడువు ముగిసిందన్న హెచ్చరికలు వచ్చేవి. చూస్తే అవి వైరస్ కావు, ఏదో వార్తల సైటు అనుమతి అడిగినప్పుడు ఆయన సరేనన్న బ్రౌజర్ నోటిఫికేషన్లు. బ్రౌజర్ సెట్టింగుల్లో ఆ అనుమతి తీసేస్తే పోయాయి. అందులోని నంబరుకు ఫోను చేసి ఉంటే, అవతలివాడు దూరం నుంచి కంప్యూటరును నడిపే యాప్ వేయించి ఉండేవాడు. ఆ యాప్ చట్టబద్ధమైనదే కాబట్టి యాంటీవైరస్ నోరెత్తదు. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలని ఆయనకు కాగితం మీద రాసి తెర పక్కన అతికించాను.

విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ రక్షణ అనే చోట కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అని ఒకటి ఉంటుంది, అది మొదట ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేస్తే తెలియని ప్రోగ్రాములు మీ డాక్యుమెంట్లను మార్చకుండా ఆపుతుంది. అప్పుడప్పుడు మంచి ప్రోగ్రామును కూడా ఆపుతుంది కాబట్టి, దానికి అనుమతి ఇచ్చే పని మీ మీద పడుతుంది. మా బావగారు దాన్ని ఆన్‌లోనే ఉంచుకుని, ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే హార్డ్ డిస్క్ తగిలించి ఆ వారం పని అంతా కాపీ చేసి, వైరు పీకి బీరువాలో పెడతారు. వైరు పీకారా లేదా అని మా అక్క ఇప్పటికీ నా ఎదుటే అడుగుతుంది.