మత్స్యన్యాయంలో న్యాయం ఎక్కడుంది?

సందేహం: చిక్కడపల్లి లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్నాను. ఒక పుస్తకంలో ‘అంతర్జాతీయ చట్టం’ అనీ, ఇంకోదాంట్లో ‘అంతర్జాతీయ న్యాయం’ అనీ ఉంది. ఏది రాయాలి సార్? పెద్ద చేప చిన్న చేపను మింగడాన్ని మత్స్యన్యాయం అంటారు కదా, అందులో న్యాయం ఏముంది?

– ఒక పాఠకుడు, హైదరాబాద్

సమాధానం: ముందు చేపల సంగతి చూద్దాం. అది తేలితే మొదటి ప్రశ్న సగం తేలినట్టే.

మత్స్యన్యాయంలో న్యాయం అంటే తీరు, వరస. కాకి వాలగానే తాటిపండు రాలితే కాకతాళీయ న్యాయం. గుడ్డివాళ్లు ఏనుగును తడిమి తలో మాటా చెబితే అంధగజ న్యాయం. ఇక్కడ కాకి తప్పూ లేదు, ఏనుగు ఒప్పూ లేదు. లోకంలో పదేపదే కనబడే తీరును చూపడానికి సంస్కృతంలో ఈ మాట వాడారు. చేపలదీ అంతే. ఆ తీరు మంచిదని ఎవరూ తీర్పు చెప్పలేదు. ఇప్పుడు అంతా రాస్తున్న ‘ఆటవిక న్యాయం’ మాత్రం ‘లా ఆఫ్ ద జంగిల్’ అనే ఇంగ్లీషు పలుకుబడి నీడలో పుట్టింది. వద్దనను గానీ, చేపలుండగా అడవికి ఎందుకు పోవాలి?

శిక్షించే దండం పట్టేవాడు లేనిచోట బలవంతుడు బలహీనుణ్ణి మింగుతాడని కౌటిల్యుడి ‘అర్థశాస్త్రం’ అంటుంది. రాజ్యంలో ఆ దండం రాజు చేతిలో ఉంటుంది. మరి రాజుల మీద దండం పట్టేదెవరు? కౌటిల్యుడు అక్కడ సంధి, విగ్రహం (యుద్ధం), ఆసనం (కదలకుండా ఉండటం), యానం (దండెత్తడం) అంటూ ఆరు ఎత్తుగడలు లెక్కపెట్టాడే తప్ప పైకోర్టు ఊసెత్తలేదు.

తెలుగులోకి వచ్చేసరికి న్యాయం మీద బరువు పెరిగింది. ‘మాకు న్యాయం చేయండి’ అంటే ఒక అర్థం, ‘న్యాయవాది’, ‘న్యాయశాస్త్రం’ అంటే ఇంకోటి. మన ఊళ్లో ఉర్దూ మాట్లాడేవాళ్లకు ఈ తంటా లేదు. రాసి ఉన్నది కానూన్, దక్కాల్సింది ఇన్సాఫ్. ఇన్సాఫ్‌కూ ‘సగం’ అనే అరబ్బీ మాటకూ ధాతువు ఒకటే. చెరిసగం అన్నమాట. తెలుగులో ఆ తేడా నిలవాలంటే చట్టాన్నీ న్యాయాన్నీ విడివిడిగా వాడుకోవాల్సిందే.

చట్టం అనేది శాసనసభ చేసేది, దేశాలన్నిటికీ కలిపి శాసనసభ ఎక్కడిది, ఉన్నవి ఒడంబడికలూ ఆనవాయితీలే కదా అని కొందరంటారు. నాకు ఆ పట్టింపు లేదు. తమిళంలో సట్టం అంటే చట్టమూ, చట్రమూ. హద్దు గీసే చట్రం అనుకోండి, సరిపోతుంది.

తేడా ఎంతటిదో ఒక కేసు చూడండి. 1986 జూన్ 27న హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం, అమెరికా దేశం మధ్య అమెరికాలోని నికరాగ్వా మీద అక్రమంగా బలం ప్రయోగించిందనీ, పరిహారం ఇవ్వాలనీ తీర్పు చెప్పింది. అప్పుడు ఆ కోర్టు అధ్యక్షుడు మన నాగేంద్ర సింగ్. తీర్పు అమలు చేయించమని నికరాగ్వా ఐక్యరాజ్య సమితి భద్రతా మండలికి వెళితే అమెరికా వీటో కొట్టింది. నికరాగ్వాలో తర్వాత వచ్చిన కొత్త ప్రభుత్వం 1991లో కేసే మానుకుంది. ‘అంతర్జాతీయ చట్టం ప్రకారం నికరాగ్వా గెలిచింది’ అని రాస్తే తప్పు లేదు. ‘నికరాగ్వాకు న్యాయం జరిగింది’ అని రాయగలరా?

ఇంకో తమాషా ఉంది. 1920లో పుట్టిన ‘లీగ్ ఆఫ్ నేషన్స్’ను మనవాళ్లు నానాజాతి సమితి అన్నారు, 1945లో వచ్చిన ‘యునైటెడ్ నేషన్స్’ను ఐక్యరాజ్య సమితి అన్నారు. ఇంగ్లీషులో రెంటిలోనూ ఉన్నది ‘నేషన్స్’ అనే మాటే. తెలుగులో మాత్రం జాతి పోయి రాజ్యం వచ్చింది. ఎవరు మార్చారో గానీ మంచి పని చేశారు. అక్కడ కుర్చీ రాజ్యానికే గానీ జాతికి కాదు.

ఆ ‘రాజ్యం’ అనే మాట దగ్గరే మన హైదరాబాదు చిక్కుకుంది. 1947 నవంబర్ 29న భారత్‌తో యథాతథ ఒడంబడిక చేసుకున్న నిజాం ప్రభుత్వం, 1948 ఆగస్టు 21న భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సభ్యత్వం లేకపోయినా రాజ్యమైతే చాలు, ఫిర్యాదు చేయవచ్చు. అసలు హైదరాబాదు రాజ్యమే కాదని భారత్ వాదన. సెప్టెంబర్ 13న సైన్యం బయల్దేరింది. 16న పారిస్‌లో మండలి సమావేశమైంది, 17న ఇక్కడ లొంగుబాటు అయిపోయింది. 22న ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నట్టు నిజాం తంతి వెళ్లింది. ట్యాంకులతో వచ్చిన సైన్యం చేసినదానికి ‘పోలీసు చర్య’ అని పేరెందుకు పెట్టారంటే, యుద్ధం అనగానే రెండు రాజ్యాలని ఒప్పుకున్నట్టవుతుంది. పోలీసులైతే సొంత ఇంట్లోకి వచ్చినట్టే. ఊళ్లో పెద్దవాళ్లు ఇప్పటికీ ‘పోలీస్ యాక్షన్’ అనే అంటారు.

పరీక్షలో నిబంధనల గురించైతే ‘అంతర్జాతీయ చట్టం’ అనీ, చదివే సబ్జెక్టు గురించైతే ‘అంతర్జాతీయ న్యాయశాస్త్రం’ అనీ రాయండి. మత్స్యన్యాయం సమాసం, మధ్యలో ఖాళీ వదలకండి.