కారు వద్దు, బస్సెక్కండి: భువనేశ్వర్ నుంచి కోణార్క్ వెళ్లే మేనకోడలికి

మర్రిపాలెం,
విశాఖపట్నం

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

ఇక్కడ అందరం క్షేమం. నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. సంక్రాంతి వెళ్లాక తనూ బావగారూ నీ దగ్గరికి భువనేశ్వర్ వస్తున్నారట, నువ్వు కోణార్క్, పూరీ ఒక్కరోజులో తిప్పడానికి కారు మాట్లాడుతున్నావట. అడ్వాన్సు ఇచ్చేశావేమోనని కంగారుపడి రాత్రే ఈ ఉత్తరానికి కూర్చున్నాను. ఫోన్‌లో చెబితే ఆఫీసు హడావుడిలో నీకు సగం గుర్తుండదు. రాసి ఉంటే బయల్దేరే రోజు పొద్దున ఇంకోసారి చూసుకోవచ్చు.

కారు వద్దమ్మా. బస్సులో వెళ్లండి. డబ్బులు మిగులుతాయని చెప్పడం లేదు, మిగులుతాయి కూడా అనుకో. కారు మాట్లాడిన రోజు గడియారం మన చేతిలో ఉండదు. అది నాకు ఎలా తెలిసిందో తర్వాత చెబుతాను. ఖుర్దా రోడ్‌లోనూ భువనేశ్వర్‌లోనూ కలిపి తొమ్మిదేళ్లు రైల్వేలో పనిచేశాను కదా, మన వైపు నుంచి చుట్టాలు వచ్చిన ప్రతిసారీ ఆ దారిలో నేనే తోడు వెళ్లేవాడిని. ఆ దారి నాకు బాగా అలవాటు.

ముందు వాళ్లు రావడం సంగతి. విశాఖ నుంచి భువనేశ్వర్ సుమారు 440 కిలోమీటర్లు. బావగారికి వందే భారత్ ఎక్కాలని ఉందని విన్నాను. అది మధ్యాహ్నం బయల్దేరి రాత్రికి చేరుస్తుంది, బాగానే ఉంటుంది, కానీ చిలికా వచ్చేసరికి చీకటి పడిపోతుంది. పొద్దున విశాఖ దాటే రైలు ఏదైనా చూసి కుడివైపు కిటికీ సీట్లు దొరికేలా చెయ్యి. బరంపురం దాటాక రంభ నుంచి బాలుగావ్ వరకు రైలు సరస్సు పక్కనే పోతుంది. మీ అమ్మకి నీళ్లు చూడటం ఎంత ఇష్టమో నీకు తెలుసు.

ఇంకో సంగతి. కోణార్క్ ఎక్స్‌ప్రెస్ పేరు చూసి అది తిన్నగా కోణార్క్ వెళ్తుందనుకునేవాళ్లు మన ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. ముంబయి నుంచి మన విశాఖ మీదుగా వచ్చే ఆ బండి భువనేశ్వర్‌లోనే ఆగిపోతుంది. కోణార్క్‌కి రైలే లేదు. అక్కడి నుంచి రోడ్డు మీద 65 కిలోమీటర్లు వెళ్లాల్సిందే.

ఇక బస్సు. నువ్వు పటియా వైపు ఉంటున్నావు కాబట్టి దారిలో కల్పనా ఛక్ దగ్గర ఎక్కేద్దాం అనుకుంటావు. అక్కడ బస్సులు ఆగుతాయి, నిజమే, కానీ అప్పటికే జనం నిండిపోతారు. నువ్వొక్కదానివైతే నిలబడి వెళ్లగలవు, బావగారి మోకాళ్లకి ఆ రెండు గంటలు కష్టం. అందుకని కాస్త దూరమైనా బరముండా బస్ టెర్మినల్‌కే వెళ్లండి. బస్సు అక్కడే ఖాళీగా ఉంటుంది, ముందు వరసల్లో కూర్చోబెట్టవచ్చు. వెనక చక్రం పైనున్న సీటు మాత్రం తీసుకోకండి, కాళ్లు చాపుకోవడానికి ఉండదు. సిటీ బస్సుల్లో కూడా కోణార్క్ వైపు వెళ్లేవి ఉన్నాయి. మొదట్లో వాటిని మో బస్ అనేవాళ్లు, ‘నా బస్సు’ అని. ఇప్పుడు ఆమ బస్ అంటున్నారు, అంటే ‘మన బస్సు’. ఏసీ ఉంటుంది, మెట్టు ఎత్తు తక్కువ, పెద్దవాళ్లకి ఎక్కడం తేలిక. ముందు రోజు సాయంత్రం వేళలు కనుక్కుని, అది కుదిరితే దానికే నా ఓటు.

బోర్డులు ఒడియాలో ఉంటాయి. ఆ గుండ్రటి అక్షరాలు నీకింకా రావు కదా. ఎక్కే ముందు కండక్టర్‌ని ‘కోణార్క జిబ కి?’ అని అడుగు. కోణార్క్ వెళ్తుందా అని. ఈ ప్రశ్న ఎందుకు అవసరమంటే, పూరీ బస్సూ కోణార్క్ బస్సూ పిపిలి దాకా ఒకటే దారి. పిపిలిలో పూరీ రోడ్డు తిన్నగా పోతుంది, కోణార్క్ రోడ్డు ఎడమకి తిరుగుతుంది. ‘పూరీ పూరీ’ అని అరుస్తుంటే తొందరలో ఎక్కేసి, పిపిలి దాటాక తెలుసుకుని, సామాన్లతో రోడ్డు మీద దిగిపోయిన రోజు నాకూ ఉంది. మీ అత్త అప్పుడు ఏడో నెల గర్భిణి. మళ్లీ వెనక్కి పిపిలికి వచ్చి ఇంకో బస్సు పట్టుకునేసరికి గంటన్నర పట్టింది. ఒక్క మాట అడిగి ఉంటే ఆ అవస్థ ఉండేది కాదు.

పొద్దున ఆరున్నరకల్లా బస్సులో ఉండండి. కుడివైపు కూర్చోండి, ఎండ ఎడమ నుంచి కొడుతుంది. ఊరు దాటగానే కుడివైపునే దూరంగా తెల్లటి స్తూపం కనబడుతుంది. అదే ధౌలి. స్తూపం 1972లో కట్టారు గానీ, ఆ కొండ కింద బండ మీద అశోకుడు చెక్కించిన శాసనాలు ఉన్నాయి. కళింగ యుద్ధం జరిగిందని చెప్పేది ఆ దయా నది ఒడ్డునే. బస్సు ఆగదు, కిటికీలోంచి బావగారికి చూపించు, ఆయనకి చరిత్ర అంటే ప్రాణం. పిపిలిలో రోడ్డుకి రెండువైపులా రంగురంగుల గుడ్డలు కుట్టిన గొడుగులు, తోరణాలు వేలాడుతుంటాయి. జగన్నాథుడి రథాలకి కప్పే పని అది. తర్వాత నిమాపడా, గోప్ మీదుగా పొలాల మధ్య నుంచి వెళ్తుంది బస్సు. నిమాపడా ఛెనా ఝిల్లీకి పేరు. మన పాకం గారెల్లా పాకంలో ఊరిన విరుగు పాల మిఠాయి. బస్సు రెండు నిమిషాలు ఆగితే నువ్వొక్కదానివే దిగి కట్టించుకురా, పెద్దవాళ్లని దింపకు.

కోణార్క్‌లో బస్సు దిగాక గుడి నడిచే దూరమే. టికెట్ మనిషికి 40 రూపాయలు. గుడి రోజూ తెరిచే ఉంటుంది, పక్కనున్న పురావస్తు శాఖ మ్యూజియానికి మాత్రం శుక్రవారం సెలవు. అందుకని శుక్రవారం పెట్టుకోకు. దాని సంగతి ఇంకేం రాయను, గుడి చూశాక ఓపిక ఉంటే వెళ్లండి, పడిపోయిన విగ్రహాలు చాలా అక్కడే ఉన్నాయి.

గుడి గురించి మీ అమ్మకి ముందే ఒక మాట చెప్పి తీసుకెళ్లు. లోపల దేవుడు లేడు, హారతి లేదు, కొబ్బరికాయ కొట్టడం లేదు. పెద్ద శిఖరం 19వ శతాబ్దంలోనే కూలిపోయింది. ఇప్పుడు మనకి ఎత్తుగా కనబడేది దాని ముందున్న జగమోహనం అనే మండపం. అది కూడా కూలిపోతుందని 1903లో ఇంగ్లీషువాళ్లు లోపల ఇసుక నింపి వాకిళ్లు మూసేశారు. ఇది తెలియక మా అమ్మ పూలూ పళ్లూ పట్టుకొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక ఎండలో నిలబడింది. చివరికి మెట్లెక్కి, పడమటి గోడకున్న ఆకుపచ్చ రాతి సూర్యుడి పాదాల దగ్గర చూపులతోనే దండం పెట్టుకుంది. మీ అమ్మని కూడా అక్కడికి తీసుకెళ్లు. మెట్లు కాస్త ఎత్తు, బావగారు కింద చెట్టు నీడన కూర్చుంటే నయం.

గోడల మీది శృంగార బొమ్మల గురించి నీకు మొహమాటంగా ఉంటుంది, అమ్మానాన్నలతో ఎలా అని. ఏం పర్వాలేదు. అక్కడ ఏనుగుల వేట ఉంది, మద్దెల వాయించే ఆడవాళ్లున్నారు, వంట చేసుకునే యాత్రికులున్నారు, అవీ ఉన్నాయి. కుటుంబాలన్నీ అలాగే చూసుకుంటూ వెళ్తాయి.

బావగారికి ఈ మాట తప్పకుండా చెప్పు. కోణార్క్ కట్టించిన నరసింహదేవుడు మనకి పరాయివాడు కాడు. మనం చందనోత్సవానికి వెళ్లే సింహాచలం గుడికి ఇప్పుడున్న రూపం వచ్చింది కూడా 13వ శతాబ్దంలో, ఆయన కాలంలోనే. ఆయన వంశం గంగరాజుల పాత రాజధాని మన శ్రీకాకుళం జిల్లా ముఖలింగం. పూరీ గుడి మొదలుపెట్టిన చోడగంగదేవుడూ ఆ వంశం వాడే. మనవాళ్లు కోణార్క్ చూసి ‘ఒరిస్సా వాళ్ల గుడి’ అని పక్కకి పెట్టేస్తే నాకు బాధగా ఉంటుంది. కోణార్క్ గోడ అడుగున ఏనుగుల వరస చూశాక, ఈసారి సింహాచలం వచ్చినప్పుడు గుడి గోడలు కూడా నింపాదిగా చూడు, నా మాట నీకే అర్థమవుతుంది.

ఇప్పుడు ఆ చక్రం. పది రూపాయల నోటు వెనక ఉన్నదే. నోటు తీసి చక్రం పక్కన పట్టుకుని చూడండి, బాగుంటుంది. మొత్తం 24 చక్రాలు, ఒక్కొక్కటి మనిషి కన్నా ఎంతో ఎత్తు, దాదాపు 3 మీటర్లు. దక్షిణం వైపు ఎండ బాగా పడే చక్రం దగ్గరికి వెళ్లండి. గుర్తింపు కార్డు మెడలో వేసుకున్న గైడ్‌ని గేటు దగ్గరే రేటు మాట్లాడుకుని తీసుకెళ్తే అతను చూపిస్తాడు. ఇరుసు మీద వేలు పెడతాడు. వేలి నీడ చక్రం అంచున పడుతుంది. చక్రానికి ఇరుసు నుంచి అంచు దాకా ఎనిమిది లావు ఆకులు, వాటి మధ్య ఎనిమిది సన్నటి ఆకులు. లావు ఆకు నుంచి లావు ఆకుకి మూడు గంటలు, లావు నుంచి సన్నానికి గంటన్నర. ఆ గంటన్నర జాగాలో అంచు మీద ముప్పై పూసలు చెక్కారు, ఒక్కో పూస మూడు నిమిషాలు అని లెక్క చెబుతాడు. చెప్పి, నీ ఫోన్‌లో టైము చూసుకోమంటాడు.

మా అమ్మని తీసుకెళ్లిన రోజు కారు మాట్లాడాను. పెద్దావిడ, బస్సులో ఏం తిరుగుతుందని. ఆరు చోట్లు చూపిస్తామన్నారు, కోణార్క్‌కి ముప్పావు గంట ఇచ్చారు. అందులో సగం పార్కింగ్ నుంచి నడకకే సరిపోయింది. గైడ్ వేలు పెట్టి నీడ చూపించాక అమ్మ చీర కొంగు నెత్తి మీద కప్పుకుని చక్రం ముందే కూర్చుండిపోయింది. ‘నాన్నా, ఆ నీడ ఒక్క పూస దాటేదాకా చూద్దాంరా’ అంది. అప్పటికి డ్రైవర్ మూడోసారి ఫోన్ చేస్తున్నాడు, ఇంకా రెండు చోట్లు ఉన్నాయి, ఆలస్యమైతే వెయిటింగ్ పడుతుంది అని. మళ్లీ వద్దాంలే అమ్మా అని చెయ్యి పట్టుకుని లేపాను. మూడు నిమిషాలు. ఆ తర్వాత ఏడాదికే అమ్మ పోయింది. ఆ మిగతా రెండు చోట్లు ఏమిటో కూడా నాకు ఇప్పుడు గుర్తులేదు.

అందుకే బస్సు అంటున్నాను. ఒక బస్సు పోతే ఇంకోటి వస్తుంది.

మధ్యాహ్నం భోజనం చేసి, మూడు లోపలే బస్టాండుకి వచ్చి పూరీ బస్సెక్కండి. అదే దారిన భువనేశ్వర్ తిరిగి రావద్దు. పూరీ అక్కడికి 35 కిలోమీటర్లే, గంట ప్రయాణం, సముద్రం పక్కనే సరుగుడు తోటల మధ్య నుంచి. ఈసారి ఎడమవైపు కూర్చోండి, సముద్రం అటే. కాసేపటికే చంద్రభాగ తీరం వస్తుంది. మాఘ సప్తమికి అక్కడ తెల్లవారుజామున లక్షల మంది స్నానం చేస్తారు. మన అరసవల్లిలో రథసప్తమి ఏ రోజో అక్కడా ఆ రోజే. మీరు వచ్చేది ఆ దగ్గర్లోనే కాబట్టి క్యాలెండర్ చూసుకో, ఆ తిథి నాడు బస్సుల్లో కాలు పెట్టలేరు. పూరీలో రాత్రి ఉండి, మర్నాడు పొద్దున్నే దర్శనం చేసుకుని, అక్కడి నుంచే మీ అమ్మావాళ్లని విశాఖ రైలు ఎక్కించెయ్యి. పూరీ–తిరుపతి ఎక్స్‌ప్రెస్ మన ఊరి మీదుగానే వస్తుంది, అది నడిచే రోజు చూసి ముందే రిజర్వేషన్ చేయించు. పూరీ గుడిలోకి ఫోన్లు, తోలు బెల్టులు పోనివ్వరు, బావగారి బెల్టు రూములోనే వదిలేయమను.

సామాను మనిషికి ఒక భుజం సంచి మించకూడదు. చక్రాల సూట్‌కేసుతో బస్సు ఎక్కారా, రోజంతా దాని కాపలాయే. నీళ్లు, మీ నాన్న మాత్రలు, చిల్లర, ఒక గొడుగు. జనవరి అయినా పదకొండు దాటితే ఆ రాయి సెగ కొడుతుంది.

అత్త నిన్ను అడిగిందని రాయమంది. మాగాయ సీసా మీ అమ్మతో పంపిస్తోంది.

ఒక్కటి నా కోసం చెయ్యి. దక్షిణం వైపు చక్రం దగ్గర మీ అమ్మని నీడలో కూర్చోబెట్టి, ఆ వేలి నీడ ఒక పూస దాటేదాకా ఉండండి. తను అడిగినా అడక్కపోయినా సరే. దాటాక నాకు ఫోన్ చెయ్యి.

మీ మావయ్య