బోస్కోన్‌కి తోడు కోసం ఆగకు

తమ్ముడూ, వెంట రావడానికి ఒక్క తెలుగువాడూ దొరకలేదు, ఈసారికి బోస్కోన్, అదే ఫిబ్రవరిలో బోస్టన్‌లో జరిగే సైన్స్ ఫిక్షన్ అభిమానుల సమావేశం, మానేస్తానని రాశావు. మానకు. బోస్టన్‌లో ఫిబ్రవరి సంగతి నాకు తెలుసు. బయట మంచు, లోపల ఎవరి లాప్‌టాప్‌తో వాళ్లు. ఆ నెలలో మనుషుల మధ్య కూర్చునే చోటు ఉందంటే వదులుకోకూడదు.

కామిక్స్, సినిమాల పెద్ద జాతర శాన్ డియేగో కామిక్-కాన్‌తో దీన్ని కలపకు. అక్కడికి లక్షకు పైగా జనం వస్తారు, క్యూల్లోనే పొద్దు గడిచిపోతుంది. ఒంటరిగా ఉన్నవాడికి ఆ గుంపులో దిగులు ఇంకా పెరుగుతుంది. బోస్కోన్ లాంటివి అభిమానులే నడుపుకునే కాన్‌లు, అంటే కన్వెన్షన్లు. కాన్ నడిపే అధ్యక్షుడి దగ్గర్నుంచి కుర్చీలు సర్దేవాళ్ల దాకా అందరూ వాలంటీర్లే. అందుకే అక్కడివాళ్లు టికెట్ అనరు, మెంబర్‌షిప్ అంటారు. 1939లో న్యూయార్క్‌లో మొదలైన ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమావేశం వరల్డ్‌కాన్‌దీ అదే పద్ధతి. సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే హ్యూగో అవార్డులకి ఓట్లేసేది దాని మెంబర్లే.

మాకప్పుడు ఇవన్నీ చెప్పేవాళ్లు లేరు. మొదటిసారి నేను తానా సభలకి వెళ్లినట్టే వెళ్లాను. ముఖ్య అతిథి మాట్లాడతారు, మనం విని వస్తాం, అంతే అనుకున్నాను. ప్రోగ్రాం పుస్తకంలో గుర్తులు పెట్టుకుని ఒక పానెల్ నుంచి ఇంకో పానెల్‌కి తిరిగాను, ప్రతిచోటా వెనక వరసలోనే. కాన్ సూట్ అని రాసిన గదిలోంచి నవ్వులు వినిపించాయి. అది కమిటీవాళ్ల గది కాబోలనుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి వచ్చేశాను. తెచ్చుకున్న పులిహోర లాబీలో ఒక్కదాన్నే తిని, చీకటి పడకముందే ఇంటికి బయల్దేరాను. కాన్ అయ్యేదాకా అదే వరస. అన్ని వందల మందిలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు లేరు. ఇంటికొచ్చి ఏడ్చాను.

కాన్ సూట్ అంటే బ్యాడ్జ్ ఉన్న ప్రతివాళ్లూ వెళ్లి కూర్చునే గది. కాఫీ, చిరుతిళ్లు పెడతారు, డబ్బులడగరు. అక్కడ పక్కవాణ్ణి ‘ఏం చదువుతున్నారు’ అని అడిగితే చాలు, గంటసేపు చెప్తాడు. కాఫీక్లాచ్ అని ఉంటుంది: ఒక రచయిత చుట్టూ ఓ పదిమంది ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. పేరు ముందే రాయించుకోవాలి. రాత్రిళ్లు హోటల్ గదుల్లో రూమ్ పార్టీలు, ఫిల్క్ పాటలు, అంటే సైన్స్ ఫిక్షన్ అభిమానులు కట్టుకుని పాడుకునేవి. గుండ్రంగా కూర్చుని పాడే ఫిల్క్ వలయంలో వంతు నీదాకా వచ్చినప్పుడు నువ్వు పాడొచ్చు, ఇంకొకరిని పాడమనొచ్చు, లేదా వదిలేయొచ్చు. నేను చాలాసార్లు వదిలేశాను, ఎవరూ బలవంతపెట్టలేదు. తర్వాత పాడాను కూడా. సాయంత్రమే ఇల్లు చేరేవాడికి ఇవేవీ దక్కవు.

అన్నిటికన్నా మంచి మందు గోఫర్ పని, అంటే వాలంటీరుగా చేసే చిన్నాచితకా పనులు. బ్యాడ్జ్‌లు అందించడం, మంచినీళ్లు పెట్టడం లాంటివి. మీ తరం మొహమాటమంతా ఫోన్ వెనక దాచుకుంటుంది. చేతిలో పనుంటే అది దానంతటదే పోతుంది. నాకు ఇవాళ ఈ ఊళ్లో ఉన్న దగ్గరి స్నేహితుల్లో సగం మంది రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర దొరికినవాళ్లే. పనికి బదులు మెంబర్‌షిప్ డబ్బు తిరిగిస్తామంటే మాత్రం, వీసాకి ఇబ్బంది లేదు కదా అని మీ యూనివర్సిటీ ఆఫీసులో అడుగు. రుసుములు, ప్రవర్తనా నియమాలు కాన్ సైట్‌లో ఉంటాయి. వేషం వేసుకున్నవాళ్లని అడక్కుండా ఫొటో తీయకు, ముట్టుకోకు.

తిరుగు బస్సు ఆదివారం మధ్యాహ్నానికి బుక్ చేసుకోకు. అన్నీ సర్దేశాక మిగిలినవాళ్లు కలిసి కూర్చుంటారు, డెడ్ డాగ్ పార్టీ అంటారు దాన్ని. అలసిపోయి ఉంటారు, తీరిగ్గా మాట్లాడతారు. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకునేది అప్పుడే.